ఆపా ఒప్పుకున్న మంత్రబలం

బెల్లంపల్లిలో నేనుండే క్వార్టరు గోడలు పలుచన. పక్కింటావిడ చింతపండులో గింజలు తీసి స్టీలు పళ్లెంలో వేస్తుంటుంది. మొన్న ఒక గింజ ఠంగుమని పడి, గిర్రున తిరిగి, ఆగింది. అన్నం కలుపుతున్న నా చెయ్యి కూడా ఆగిపోయింది. ఎంత పడిందో ఎవరైనా చెబుతారని ఎదురుచూశాను. ఎవరూ చెప్పరని గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. ఆ పూట అన్నం సహించలేదు.

కరీంనగర్‌లో మా వీధి చివరి మేడమీద గదిలో సాజిదా ఆపా, అంటే సాజిదా అక్క, పాచికలు అలాగే స్టీలు పళ్లెంలో వేయించేది. లేకపోతే మంచం కిందికి దొర్లిపోతాయి, ఏమి పడిందో తగువు మొదలవుతుంది. ఆపా బడిలో లెక్కలు చెప్పేది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం మాకు కథ చెప్పేది. కూర్చుని ఆడే ఆట అది. తలా ఒక పాత్ర తీసుకుంటాం. ఏ ఊరు వచ్చింది, ఏ రాక్షసుడు ఎదురయ్యాడు, ఆపా చెబుతుంది. మేమేం చేస్తామో మేం చెబుతాం. గెలుపోటములు పాచిక చెబుతుంది. తగువొస్తే తీర్పు ఆపాది. హైదరాబాద్ బంధువుల దగ్గర ఆ ఆట నియమాలున్న ఇంగ్లీషు పుస్తకాన్ని సంపాదించి తెచ్చినవాడు ఆపా తమ్ముడు ఇమ్రాన్. వాడిది విలుకాడి పాత్ర. నేను, నా దోస్తు స్వప్న, ఇమ్రాన్, అంతే మా దండు.

నా పాత్ర సగం వైద్యురాలు, సగం అగ్గి మంత్రగత్తె. ఒక్క విద్యతో తృప్తిపడే బుద్ధి నాకు ఏనాడూ లేదు. వైద్యంలో ఆరు మెట్లు, అగ్గివిద్యలో మూడు మెట్లు ఎక్కి, అన్నీ కలిపి తొమ్మిది మెట్ల మంత్రబలం నాదే అనుకున్నాను. ఆపా ఒప్పుకోలేదు.

“వైద్యం మంత్రం చదివేటప్పుడు వైద్యం మెట్లే లెక్క. అగ్గి మెట్లు పక్కకు కూసుంటయ్. ఆరే.”

ఊరుకుంటానా? రెండు ఉంగరాలు సంపాదించాను. ఒకటి మంత్రబలాన్ని ఒక మెట్టు పెంచుతుంది, ఇంకొకటి రెండు మెట్లు పెంచుతుంది.

“గిప్పుడు మూడు కలుస్తయ్ గద ఆపా?”

“రెండే కలుస్తయ్.”

“గదెట్ల?”

“వానల గొడుగు మీద గొడుగు పట్టుకుంటె తక్కువ తడుస్తవా? పెద్ద గొడుగే లెక్క. ఒక్కతీరు సాయం రెండుసార్లు పనిజెయ్యది.”

“కలుపు ఆపా, నీకు పుణ్యముంటది. లేకుంటె గీమె నా పాణం తీస్తది” అన్నాడు ఇమ్రాన్.

“బుక్కుల చూపియ్యిండ్రి, కలుపుత.”

ఆ మాటకు తిరుగులేదు. అలిగి, ఆ పుస్తకాన్ని ఇంటికి పట్టుకుపోయి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆపా తప్పు పట్టుకోవాలన్న పంతంతో నేర్చుకున్న ఇంగ్లీషే తర్వాత నాకు ల్యాబు ఉద్యోగంలో అన్నం పెట్టింది. కానీ ఆ పంతంలో ఎంత సంతోషం ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ వానాకాలం ఇమ్రాన్‌కు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానకు నడుచుకుంటూ పోయినవాడు మళ్లీ ఇల్లు చేరలేదు. చాలా నెలలు ఎవరమూ ఆ మేడ ఎక్కలేదు. ఒకనాడు ఆపాయే ఫోన్ చేసి, “ఆదివారం రాండ్రి” అంది. వెళ్లాం. మాట్లాడటానికి మాటలు వెతుక్కుంటుంటే, ఆపా ఏమీ జరగనట్టు కథ అందుకుంది.

“వంతెన మీద నాగరాణి చూపు తగిలి విలుకాడు రాయి అయిండు. మీరు ముందుకు పోతరా, ఆగుతరా?”

చచ్చిపోయిండు అనలేదు. రాయి అయిండు అంది. స్వప్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆనాటి నుంచి మాకు నిధులు వద్దు, రాజ్యాలు వద్దు. ఆ రాయిని మళ్లీ మనిషిని చేయాలి, అంతే. దానికి మంత్రం నా వైద్యంలోనే ఉంది, కాని మంత్రబలం పది కావాలి. రాళ్లను తాకినప్పుడు ఉంగరాలు పనిచెయ్యవట. నాకున్నది ఆరే. తాయెత్తులు, దేవతల దీవెనలు, ఏవేవో తెచ్చి ఆపా ముందు పోశాను. ఒకటి రాయి ముందు పనికిరాదు, ఇంకొకటి అగ్గివిద్యకే, ఇవి రెండూ ఒక్క తీరువే. అన్నీ కొట్టిపారేసింది.

“తమ్ముని కోసమన్న జర వదలొచ్చు గద ఆపా” అంది స్వప్న, ఉండబట్టలేక.

ఆపా పొయ్యి మీది పాలు చూడటానికి లేచింది. పొయ్యి వెలిగించినట్టు నాకు గుర్తులేదు.

ఈలోగా నేను అగ్గివిద్యలో ఇంకో మెట్టెక్కాను. మెట్టెక్కినప్పుడు కొత్త నేర్పు ఒకటి ఎంచుకోవచ్చు. పుస్తకంలో నేర్పుల అధ్యాయం మొత్తం గాలించాను. దొరికింది. రెండు విద్యలు పంచుకుని చదివినవాళ్లు ఆ నేర్పును సాధన చేస్తే, ఒక విద్యలో వెనకబడిన బలం నాలుగు దాకా తిరిగి వస్తుంది, మొత్తం మెట్లను మాత్రం మించదు. నా మెట్లు మొత్తం పది. ఆరుకు నాలుగు కలిస్తే పది. ఇది ఉంగరం కాదు, తాయెత్తు కాదు, ఒకరిచ్చింది కాదు. ఎగిరి గంతేసినంత పనిచేసి, ఆదివారం దాకా ఆగలేక మేడ మెట్లెక్కి ఆపా ముందు పేజీ తెరిచాను.

ఆపా పుస్తకం వైపు చూడలేదు.

“నాకెరుకే. నువ్వు దీన్ని దొరకవట్టుకుంటవని గూడ ఎరుకే.”

“మరెందుకు చెప్పలే ఆపా?”

“వాడు లేస్తె మాట్లాడుతడు గద పద్మా. వాని మాట ఎవలు మాట్లాడాలె? నేనే గద.”

ఇన్ని నెలలు మేం ఏం అడుగుతున్నామో అప్పుడు తెలిసింది. పుస్తకం మూసేసి, “వద్దు ఆపా, ఇడిసిపెడదాం” అన్నాను.

“ఎట్ల వద్దంటవ్? బుక్కుల ఉన్నది. కలుస్తది.” పుస్తకం నా చేతిలో పెట్టి, “ఆదివారం మంత్రం చదువు” అంది.

ఆదివారం చదివాను. రాయి కరిగిందని చెప్పి ఆపా తల వంచుకుంది. ఆమె వేళ్లు చున్నీ అంచును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. తర్వాత తల ఎత్తి, అచ్చం ఇమ్రాన్ లాగా మూతి వంకర తిప్పింది.

“గింత ఆలశ్యమా? కాళ్లు తిమ్మిరెక్కినయ్!”

మేం నవ్వాం. ఆపా కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇంకొక్క మాట మాత్రం ఆ గొంతుతో చెప్పింది. “మీరు నడువుండ్రి. నేను జర ఇంటికి పోయొస్త. ఆపా ఎదురుచూస్తుంటది.”

ఆ మేడ మీద మేం మళ్లీ ఆడలేదు. ఆపాకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, నాకు ఇక్కడ. ఆపాతో కూర్చోవాలని, ఏదో ఒకటి అడిగి కాదనిపించుకోవాలని ప్రతి ఆదివారం అనిపిస్తుంది. కిందటేడు ఉండబట్టలేక ఆదిలాబాద్ వెళ్లాను. జొన్నరొట్టె పెట్టింది, బడి పిల్లల గురించి, మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది, మా అవ్వ ఎట్లుందని అడిగింది. ఆట ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంకెప్పుడూ ఎత్తదనుకుని, బెంగగా బస్టాండుకు నడిచాను. నేను బస్సెక్కి కూర్చున్నాక, కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“నీ వైద్యురాలు గిప్పుడు ఏం జేస్తుందే?”

మేం విడిపోయాక స్వప్న, ఇంకా ఎవరెవరో ఆడదాం రమ్మన్నారు. నేను మరో పాత్రను తీసుకోలేకపోయాను. ఎందుకో అప్పటిదాకా నాకూ తెలియదు. ఆపా మొహం చూశాక నోటికి వచ్చింది.

“విలుకాన్ని ఇంటిదాక దిగబెట్ట పోయింది ఆపా. ఇంక రాలే.”