చేపలకు పథ్యం పెట్టిన రోజు

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై ఆరో ఏట పలక పట్టేదాకా మా ఊరు జువ్వలదిన్నెలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఈ కథ చెప్పుకున్నారు. నోరు మారినప్పుడల్లా కంపు కొంచెం పెరిగింది. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది. వీధి మొత్తం ముక్కు మూసుకునేలా చేసింది నేనే. కాదనను. ఎందుకు చేశానో మాత్రం నేనే చెబుతాను.

నాది ఎండుచేపల పని. నా చేపలు రెండు గంపలైతే, మా పెద్ద తోడికోడలు కోటమ్మవి ఐదు. "నీ చెయ్యి పడితేనే ఉప్పు బాగా పడతాదిమే" అని పొగిడి, గంపలు దించి, అరుగెక్కి కూర్చునేది. కాదనలేక అన్నీ నేనే ఉప్పులో వేసేదాన్ని. ఏడాది తిరిగేసరికి నిద్ర పోయింది, తలపోటు వచ్చింది, గుండె ఇంజిను పడవలా టకటకలాడింది.

బోగోలులో డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, కళ్లు పెద్దవి చేసింది. ఏం పని చేస్తావని అడిగితే ఏడు గంపల సంగతీ చెప్పాను.

"బీపీ చాలా ఎక్కువుంది. ఇట్లాగే ఉంటే పక్షవాతం వస్తుంది. మాత్రలు వేసుకో, ఉప్పు తగ్గించు. ఆ తోడికోడలి చాకిరీ మానెయ్. సగం జబ్బు దాంతోనే."

"మానేస్తే అక్క ఏమనుకుంటాదోనమ్మా."

"నువ్వు పడిపోతే ఏమనుకుంటుందో?"

రెండింటిలో ఏది సులువో మీరే చెప్పండి. అక్కకు ఎదురు చెప్పడం కంటే ఉప్పుకు ఎదురు చెప్పడం సులువు. పైగా నేను తినేది చిటికెడు, మోచేతులదాకా కలిపేది మూటెడు. ఒంట్లోకి దిగేది ఆ మూటలోదేనని నా తెలివి తేల్చింది. ఏడు గంపలకూ సగం ఉప్పే వేశాను.

మర్నాటికి చేపలు మెత్తబడ్డాయి. మూడోనాటికి కాకులు కూడా పక్క ఊరికి వలసపోయాయి. ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగాలంటారు. ఉప్పు తగ్గించినందుకు నేను తిట్లు తాగాను.

కోటమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏం చేసినావుమే?"

"ఉప్పు తగ్గించినా అక్కా. బీపీ అని డాక్టరమ్మ చెప్పింది."

"బీపీ నీకా, చేపలకా?"

వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. తల గిర్రున తిరిగి, ఆ కుళ్లిన గంపల పక్కనే కూలబడ్డాను.

"కూర్చున్నావేందిమే? లేచి ఇయ్యన్నీ పారబొయ్యి. రేపు కొత్తయి దించాల" అంది కోటమ్మ.

పడిపోతే అక్క ఏమంటుందో తెలిసిపోయింది. అక్కడే, ఈగల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బీపీ నాకుంటే చేపలకు పథ్యం పెట్టను గాక పెట్టను.

మర్నాడు పొద్దున్నే కోటమ్మ గంపలతో వచ్చింది. "ఈసారి ఉప్పు దండిగా వెయ్యిమే."

"నువ్వే వేసుకో అక్కా. చేతులు నీకూ రెండుండాయి" అన్నాను.

నా రెండు గంపల పని ముగించి, అందరూ చూస్తుండగా గుమ్మంలో చాప పరుచుకుని పడుకున్నాను. నా గురక రేవుదాకా వినిపించిందని ఊళ్లో చెబుతారు. అది మాత్రం నిజమే.