ఇత్తడి గుండిగ కేసు

2023. నందిగామ కోర్టులో టైపిస్టుగా రిటైరయ్యాక, ఆదివారాలు క్రైమ్ టూర్ నడుపుతున్న రోజులు. క్రైమ్ టూర్ అంటే కంగారు పడకండి. ఒక వ్యాను, అందులో కాస్త కుతూహలం ఎక్కువున్న జనం. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే పక్క ఊళ్లలో ఒకప్పుడు జరిగిన దొంగతనాల్ని, జరిగిన చోటే నిలబెట్టి చెప్పడం నా పని.

ఈమధ్య ఒక రచయిత్రి మా వ్యాను ఎక్కింది. క్రైమ్ టూర్ గైడే డిటెక్టివ్‌గా మారే మిస్టరీ నవల రాస్తోందట. "మీరెన్ని హత్యలు ఛేదించారండీ?" అని అడిగింది. "హత్యల్లేవమ్మా, ఒక గుండిగ ఉంది" అన్నాను. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ గుండిగ ముందు ఏ హత్యా ఆనదు.

చిల్లకల్లు దాటి లోపలికెళితే ఒక ఊళ్లో మా వాళ్లకి మధ్యాహ్నం భోజనం. వండేది దీనమ్మ. ఆ చుట్టుపక్కల పెళ్లైనా పేరంటమైనా ఆమె చెయ్యి పడాల్సిందే. అప్పట్లో ఒక ఆదివారం వెళ్లేసరికి పొయ్యి వెలగలేదు. దీనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఇయ్యాల వంట లేదు మేడమ్. దొంగ చేతి కూడు ఎవరు తింటారు?" అంది.

సంగతేమిటంటే, కిందటి ఆదివారం చర్చిలో కోత పండుగ జరిగింది. విందు వంటకి దీనమ్మ పెద్దరైతు ఇంటి రాజ్యలక్ష్మమ్మ గారి ఇత్తడి గుండిగ అడిగి తెచ్చింది. పొద్దున్నే అన్నం వండి చాపల మీద గుట్ట పోసి, గుండిగ తోమి చర్చి వరండాలో పెట్టింది. సాయంత్రానికి అది లేదు. రాజ్యలక్ష్మమ్మ గారు వచ్చి, ఇంకా ఇళ్లకెళ్లని జనం ముందు, చర్చి వాకిట్లోనే, "పాత ఇత్తడికి అమ్ముకుని ఉంటుంది, దొంగముండ" అనేశారు. ఆవిడ మనవరాలి పెళ్లి వంట దీనమ్మ చేతిలోంచి పోయింది. ఆ మాట విని మరో రెండిళ్ల వాళ్లూ వద్దన్నారు.

నాకు ఒళ్లు మండింది. దీనమ్మని లేపి చర్చికి తీసుకెళ్లాను. ప్రార్థన అప్పుడే అయింది, జనమంతా అక్కడే ఉన్నారు.

మా టూర్లో రీకన్‌స్ట్రక్షన్ అని ఒకటుంది. జరిగినదాన్ని జరిగిన వరసలో మళ్లీ నడిపించి చూడటమన్నమాట. "ఆరోజు ఎవరెక్కడున్నారో అక్కడే నిలబడండి" అన్నాను. మా వ్యాను వాళ్లకైతే పండగే.

కోత పండుగ రోజు అందరూ పంటలో మొదటి భాగం తెచ్చి కానుకగా పెడతారు. తరవాత వాటిని వేలం పాడతారు. భక్తి కొద్దీ పాడే పాట గనక అక్కడ కోడిగుడ్డు కూడా మేక ధర పలుకుతుంది. పాట నడిపింది సంఘ పెద్ద ఏసురత్నం గారు. ఆయన్ని మళ్లీ వరసగా పాడమన్నాను.

"కోడిపెట్ట... అరటిగెల... గుమ్మడికాయలు..."

"ఆగండి. గుమ్మడికాయలు దేంట్లో ఉన్నాయి?"

కానుకలు సర్దిన ఒకావిడ వెనకనుంచి మెల్లగా అంది: "దొర్లిపోతన్నాయని నేనే గుండిగలో పెట్టానండి. ఖాళీగానే ఉందిగా అని."

"గుమ్మడికాయలకి అంత పాట పెడితే దేవుడి మీద ప్రేమనుకున్నానండీ!" అన్నారు ఏసురత్నం గారు తల పట్టుకుని.

పాడుకున్నది రెడ్డిగూడెం నుంచి పండక్కి అత్తారింటికొచ్చిన అల్లుడు, స్కూలు మాస్టారు. వడ్డనలో ఉన్న దీనమ్మ తప్ప అందరూ చూస్తుండగానే ఆటోలో వేసుకెళ్లాడు, కాయల కింది గిన్నెని ఎవరూ పట్టించుకోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సిన అవసరమే లేదతనికి. ఫోన్ చేస్తే, "గుండిగ కోసమే కదండీ పాడింది! గుమ్మడికాయలు మా పెరట్లోనే కాస్తయ్. దాన్ని మా చర్చికి ఇచ్చేశా" అన్నాడు. విషయం తెలిసి మర్నాడే తిరిగి తెచ్చాడు, పాపం, వద్దన్నా క్షమాపణలు చెబుతూ.

గుండిగ ఇవ్వడానికి దీనమ్మతో నేనూ వెళ్లాను. రాజ్యలక్ష్మమ్మ గారు చూసుకుని, "దొరికిందిగా, ఇంక మనసులో పెట్టుకోకు. పెళ్లి వంటకి వచ్చెయ్" అన్నారు.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. దీనమ్మ కదల్లేదు.

"వస్తానండి. నన్ను దొంగన్నది చర్చి వాకిట్లో. కాదని కూడా అక్కడే చెప్పండి అమ్మగారూ."

చేతికొచ్చిన పని చెడగొట్టుకుంటోందే అనిపించింది నాకు. రాజ్యలక్ష్మమ్మ గారు గుండిగ తీసుకుని లోపలికెళ్లిపోయారు.

తరవాతి ఆదివారం మా వ్యాను ఆ ఊరు చేరేసరికి చర్చి విడుస్తున్నారు. వాకిట్లో రాజ్యలక్ష్మమ్మ గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. జనం బయటికి వచ్చేదాకా ఆగి, "దీనమ్మ దొంగతనం చెయ్యలేదు. నేనే తొందరపడి నోరు జారా" అన్నారు. అందరికీ వినపడింది. దీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పెళ్లికి ఎంతమందొస్తారండి?" అని అడిగింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, సంతోషంతోనే.

కోర్టులో సొత్తు దొరికిందని ఎన్నోసార్లు టైపు చేశాను. అక్కడితో కథ కంచికే అనుకునేదాన్ని. కాదని దీనమ్మ నేర్పింది. పోయిన వస్తువు రెడ్డిగూడెంలో దొరికినా ఫర్వాలేదు. పోయిన పేరు మాత్రం పోయిన చోటే, అంతమంది ముందే దొరకాలి.