నావైపే చూసిన చేప

“మిమ్మల్నే చూస్తాంది చూడక్కా!” అంది నర్సు, డాక్టరుగారి గాజుతొట్టిలో కదలకుండా ఉన్న పెద్ద చేపను చూపిస్తూ. నాకు ఒళ్లు మండింది.

చిన్నప్పుడు మార్కాపురంలో మా పెరటి రాతితొట్టిలో, దోమపిల్లల్ని తింటుందని నాయన వేలెడంత వాలుగ చేపను తెచ్చి వేశాడు. మాది నీచు ముట్టని ఇల్లు కాబట్టి దానికి నేను పెరుగన్నం పెట్టేదాన్ని. అయినా మూరన్నర పెరిగింది. ఎప్పుడు పోయినా నావైపే ముఖం పెట్టి ఉండేది. నేనంటే దానికి ప్రాణమనుకున్నాను.

“వాన పడితే బాయిలో వదుల్దాంలేమ్మా,” అనేవాడు నాయన.

“పోయినేడు గూడ ఇట్లనే అంటివి గదా!”

రాష్ట్రం విడిపోయి కొత్త రాష్ట్రమైతే వచ్చింది కానీ మా బావిలోకి నీళ్లు రాలేదు.

చచ్చిన వాలుగను నాయన తొట్టిలోంచి ఎత్తుతుంటే చూశాను. తల ఈ గోడకు, తోక ఆ గోడకు ఒరుసుకుని చర్మం లేచిపోయి ఉంది. దానికి వెనక్కి తిరిగే చోటే లేదు.

“నన్ను కాదులే తల్లీ,” అన్నాను నర్సుతో.