పెద్దమ్మ ఎంగిలి

పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు, మా వదిన, ఫోన్ చేసినప్పుడు నేను భువనగిరిలో మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. పొద్దున అరుగు మీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ పక్కకు ఒరిగిందట. "పిలిస్తె పలుకలే. గుండె ఆగిందంటుండ్రు," అని వదిన ఏడ్చింది. దుకాణం అతను నా చీటీ చూసి మందులు ఒక్కొక్కటే కవరులో వేస్తున్నాడు. ఆ మందులు నాకే. కొన్నేళ్ల కింద పెద్దమ్మ కడుపులో దొరికిన పురుగే ఇప్పుడు నా కడుపులోనూ దొరికింది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని నాలో నేనే నలుగుతున్నాను. ఇక చెప్పే పని లేదు. నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన అదే.

ఆమె మా అమ్మకు అక్క. మోత్కూరులో మా వెనక వాడలోనే వాళ్ల ఇల్లు. అమ్మ కూలికి పోతే నన్ను చూసుకున్నది పెద్దమ్మే. జొన్నరొట్టె ముక్క నోట్లో వేసుకుని మెత్తగా నమిలి, ఆ ముద్ద తీసి మా నోట్లో పెట్టేది. చదువుతున్న మీలో కొందరికి ఒళ్లు జలదరిస్తుందేమో. మా వాడలో చాలామందిమి పళ్లు రాకముందే రొట్టె రుచి అలాగే చూశాం. జామకాయ ఆమె కొరికి తీపో వగరో తేల్చాకే మాకు వచ్చేది. ఎవరైనా ముక్కు చిట్లిస్తే, "పెంచినోళ్ల ఎంగిలి ఎంగిలి గాదు," అనేది. తర్వాత నేను పంతులమ్మనై, బడికి పోతూ నా బిడ్డను ఆమె దగ్గరే వదిలేదాన్ని. దానికీ అవే ముద్దలు, అదే కంచం.

పెద్దమ్మ అంత భయస్తురాలిని నేను ఇంకొకరిని చూడలేదు. కరెంటు స్విచ్చు చెక్క గరిటెతో నొక్కేది. ఉరిమితే మంచం కిందికి తొంగిచూసేది, పిడుగు అక్కడేమన్నా దాక్కున్నదా అన్నట్టు. కానీ భయం పేరు చెప్పి ఏ పనీ ఆపలేదు. పదో తరగతి పరీక్ష రోజు నేను కడుపునొప్పి అని ముసుగు తన్నితే దుప్పటి లాగేసింది. "భయం పోయినంక పోదమంటె పొద్దు గూకుతది బిడ్డా. భయపడుకుంటనే నడువు," అంది. నా వెంట బడి దాకా వచ్చింది. దారి పొడుగునా నాకంటే ఎక్కువగా ఆమే దేవుళ్లకు మొక్కింది.

అన్నిటికంటే ఎక్కువ భయం మందు గోలీలంటే. ఒకసారి పన్ను వాచిందని ఊళ్లో ఆర్ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన గోలీ మింగింది. కాసేపటికే మొఖం ఉబ్బి, పెదాలు తిరగబడి, గొంతు మూసుకుపోబోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతే సూది మందుతో బతికింది. "ఈ జాతి మందు నీకు పడదు, ఇంకెప్పుడూ వేసుకోవద్దు," అని అక్కడ ఒక కాగితం రాసిచ్చారు. ఆ కాగితం ఇంట్లో ఎక్కడ పోయిందో పోయింది. ఆమెకు గుర్తున్నదల్లా గోలీ రూపమే.

ఆ తర్వాత కొన్నాళ్లకు కడుపులో మంట మొదలైంది. కారం మానింది, మజ్జిగ తాగింది, గ్యాసు పొడులన్నీ అయిపోయాయి. మంట తగ్గలేదు. మా మేనమామ, అంటే ఆమె తమ్ముడు, కడుపులో గడ్డతోనే చనిపోయాడు. ఆయనకూ మొదట మంటే. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. అందరి మనసులోనూ అదే మెదులుతోంది. చివరికి భువనగిరి తీసుకుపోయి గొట్టం వేసి చూపించాం. గడ్డ లేదు. చిన్న పుండు, దానికి కారణమైన బ్యాక్టీరియా ఉన్నాయన్నారు.

"పురుగా? ఎంత పొడుగుంటది సారు?" అని అడిగింది పెద్దమ్మ.

"కంటికి కనబడదమ్మా."

"కనబడని దానికి గిన్ని గోలీలా?"

డాక్టరు నవ్వలేదు. ఓపికగా చెప్పాడు. మందు వేసుకోకపోతే పుండు మానినట్టే మాని మళ్లీ లేస్తుంది. రక్తం పడొచ్చు, విరేచనం నల్లగా వస్తే క్షణం ఆగకుండా రావాలి. అందరికీ కాదు గానీ, ఏళ్లు గడిస్తే కొద్దిమందికి అది గడ్డగా కూడా మారుతుంది. వేసుకుంటే రెండు వారాలు నోరు చేదు, వికారం, విరేచనాలు ఉండొచ్చు. మధ్యలో మానేస్తే పురుగు మొండికేస్తుంది, మళ్లీ ఈ మందులకు లొంగదు. "మీకు అప్పుడు పడని గోలీ ఏది?" అని అడిగాడు.

"తెల్లగ, పొడుగ్గ ఉండె. ఒక కొసకు జర గులాబి."

అప్పుడు డాక్టరు ముఖంలోకి చూశాను. ఆయన కూడా కొంచెం భయపడ్డాడు. ఆ భయం చూశాకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అప్పటి వాపు సంగతంతా గుచ్చిగుచ్చి అడిగి, ఏ జాతి మందో ఊహించి, అది లేకుండా వేరేవి రాశాడు. మొదటి మోతాదు దవాఖానలోనే వేసుకోవాలన్నాడు. వెళ్లబోతుంటే, "ఈ మందులు వాడినన్నాళ్లు మందు ముట్టొద్దు," అన్నాడు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "మందు ముట్టకుంట మందెట్ల మింగాలె?"

నవ్వాపుకొని విడమరిచి చెప్పాను. "నేనెన్నడన్న తాగిన్నా?" అని ఆమెకు రోషం వచ్చింది. ఆమె రోజూ సాయంత్రం కల్లు తాగుతుందని నాకు గుర్తొచ్చి డాక్టరును అడిగాను. అది కూడా వద్దన్నాడు. "కల్లు మందెట్లైతది? చెట్టు పాలు గద," అని ఆమె వాదన. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు మందులు కొన్నాం గానీ మింగలేదు. వారం రోజులు కవరు దేవుని గూట్లోనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మింగకుంటె తమ్మునోలె పోత. మింగితె మొన్నటోలె ఉబ్బి పోత," అనేది. ఇంకాసేపటికి, "సచ్చుడు ఎట్లైన తప్పదు గని, గోలీ మింగి సచ్చిందంటె నలుగురు నవ్వరా?" అనేది. ఏమీ కాదు పెద్దమ్మా అని నేను అనలేకపోయాను. అది నాకూ తెలియదు. చివరికి ఒక పొద్దున తనే చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "నడువు. భయం పోయేటట్టు లేదు," అంది.

దవాఖాన బల్ల మీద కూచుని మొదటి మోతాదు మింగింది. చేతిలో చిన్న అద్దం. నన్ను నమ్మక, పక్కనున్న ముసలామెను అడిగింది. "అక్కా, జర నా మొఖం సూడు. ఉబ్బిందా?"

"ముందెట్లుండెనో నాకేం ఎరుక?" అంది ఆమె.

అంత భయంలోనూ ముగ్గురం నవ్వాం. మొఖం ఉబ్బలేదు. నేను ఊపిరి వదిలింది మాత్రం ఇంటికి చేరాకే.

నాలుగు రోజులు నోట్లో ఇనుము నాకినట్టుందని సణిగింది. తర్వాత ఒక పొద్దున దొడ్లోంచి గోడ పట్టుకుని వచ్చింది. "బిడ్డా, నల్లగైంది," అంది. ఆటోలో భువనగిరి దాకా నా చెయ్యి వదలలేదు. చనిపోయిన తమ్ముడి పేరే తలుచుకుంటూ కూచుంది. డాక్టరు నాడి చూసి, బీపీ చూసి, రక్తం పరీక్ష చేయించి, రక్తం పడలేదని తేల్చాడు. ఆ మందుల్లో ఒకదానికి అలా నల్లగా వస్తుందట. "మొదటి రోజే చెప్పాను కదమ్మా," అన్నాడు. చెప్పే ఉంటాడు. భయంలో మాకు సగమే వినబడింది.

రెండు వారాలూ పూర్తి చేసింది. తర్వాత పరీక్షలో పురుగు లేదన్నారు. మంట పోయింది. ఆ సంతోషంలో పెద్దమ్మ ఒక్క మాట అడిగింది. "సారు, గిది ఒకల నుంచి ఒకలకు అంటుతదా?"

నోటి ద్వారా అంటే వీలుందని, ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు రావచ్చని ఆయన చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే లేచి బయటికి నడిచింది.

ఆ రోజు నుంచి పెద్దమ్మ తన స్టీలు గ్లాసుకు ఎర్రదారం కట్టుకుంది. కంచం వేరు పెట్టుకుంది. నా బిడ్డ అలవాటుగా పోయి నోరు తెరిస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్ల ఏడ్చింది, కింద పడి పొర్లింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా ఎంగిలే గద బిడ్డా మీరంత తిన్నది," అంది. పురుగు పోయింది కదా, పరీక్షలో తేలింది కదా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "కనబడనిది పోయిందో ఉన్నదో ఎట్ల తెలుస్తది?" అనేది. ఆ తర్వాత ఆమె చేతి ముద్ద ఎవరమూ తినలేదు. గోలీలను భయపడుతూనే మింగిన మనిషి, ఈ ఒక్క భయాన్ని మాత్రం దాటలేకపోయింది.

ఇప్పుడు నా వంతు వచ్చింది. అదే డాక్టరు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. "చెప్పలేం. నీళ్లు కావచ్చు, తిండి కావచ్చు. ఎక్కువమందికి చిన్నప్పుడే వస్తుంది," అన్నాడు. ఏ బాధా లేదు కాబట్టి పిల్లకు ఇప్పుడే పరీక్ష అక్కర్లేదన్నాడు. నాకు ఏ మందూ పడకపోవడమన్నది ఇంతవరకు లేదు. అయినా పెద్దమ్మ ఉబ్బిన మొఖం నా కళ్ల ముందు నుంచి కదలదు. దినాలు కానీ, అప్పుడు మింగుతా అన్నాను. తర్వాత ఆదివారం రానీ అన్నాను. వదిన పెద్దమ్మ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో," అన్న రోజు, ఇక సాకులు దొరకలేదు.

మా అరుగు మీద కూచున్నాను. మంచి ఎండ పొద్దు. ఎర్రదారం గ్లాసు నిండా నీళ్లు, పక్కన చేతి అద్దం. మొఖం చూసి పెట్టుకున్నాను, ముందెట్లున్నదో నాకన్నా ఎరుక ఉండాలని. గోలీలు మింగాను. పెద్దమ్మా, జర సూడు అని నోటిదాకా వచ్చింది.

బడి లేని రోజు, నా బిడ్డ ఆడి ఆడి చెమటతో వచ్చింది. "అమ్మా, దూపైతాంది," అని నా పక్కనున్న గ్లాసు అందుకుంది. సగం నీళ్లున్నాయి అందులో. నేను తాగగా మిగిలినవి.

ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపే నా చెయ్యి గ్లాసును లాగేసింది. నీళ్లు దాని గౌను మీద ఒలికాయి. పిల్ల ఏడవలేదు. ఇప్పుడు పెద్దదైంది. గ్లాసుకున్న తడిసిన ఎర్రదారం వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా అడిగింది.

"అమ్మా, నువ్వు గూడనా?"