నారాయణప్ప కట్టిన ఈకల పురుగులు

మా పాప గోళ్ళరంగు సీసా మూత తీస్తే చాలు, ఆ ఘాటు వాసనకి నాకు నారాయణప్ప గుర్తొస్తాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బాగేపల్లిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆయన ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వృత్తికి దర్జీ, మనసంతా చేపల మీద. కోడి ఈకలు, పట్టుదారం ముక్కలు గాలానికి చుట్టి అచ్చం పురుగుల్లా కట్టేవాడు. కొడగు కాఫీతోటల్లో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న విద్యట. ముడి ఊడకుండా భార్య గోళ్ళరంగు పూసేవాడు. "నా గోళ్ళకంటే ఈయప్ప గాలాలకే సింగారం ఎక్కువ" అని ఆవిడ మూతి తిప్పేది.

"డబ్బీలో ఏముండాదో చూసి ఎంచుకోకూడదమ్మా. ఆ పొద్దు ఏటిమీద ఏ పురుగు లేచిందో చూసి, దానికి సరిపోయేది తియ్యల్ల. తినేది చేప గదా, మనం కాదే" అనేవాడు.

నీటికాసులతో ఆయన చూపు సన్నగిల్లింది. ఉన్న కాస్తా ఎంతోకాలం నిలవదని డాక్టర్లు తేల్చేశారు. ఆ ఏడు వానలకు చిత్రావతి ఏరు పారింది. చూపు పూర్తిగా పోకముందే తన గాలానికి పడిన చేపను ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. ఒక ఆదివారం సాయంత్రం నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

"ఏం ఎగరతాండాయమ్మా?" అన్నాడు.

నీళ్ళమీద ఏవో చుక్కల్లా కదులుతున్నాయి. తెలియదనడం చిన్నతనమనిపించి "గోధుమరంగువి" అనేశాను. అదే కట్టి విసిరాడు. పక్కనే చేపలు ఎగిరెగిరి తింటున్నాయి గానీ మా గాలాన్ని తాకలేదు. పొద్దు వాలుతోంది. ఇంతలో ఆయన మెడమీద ఒక పురుగు వాలింది. వేళ్ళతో మెల్లగా పట్టి, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది తెల్లగుండాదే తల్లీ."

నాకు తల కొట్టేసినట్టయింది. "సరిగ్గా చూళ్ళేదప్పా" అన్నాను.

"తెలీకుంటే తెలీదను. తప్పేముండాది? ఇంగోసారి చూసి చెబుదువు. నేను నీ కండ్లతోనే గదమ్మా చూస్తాండేది."

ఏడుపొచ్చింది. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని ఈసారి నిజంగా చూశాను. ఒళ్ళు తెలుపు, రెక్కలు నిలువుగా, వెనక సన్నటి రెండు తోకలు. నేను చెప్పినవన్నీ విని, తెల్ల ఈకది కట్టాడు. రెండోసారి విసరగానే దారం లాగింది. అరచెయ్యంత జిలేబీ చేప. దాన్ని ముఖం దగ్గరికి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఎంతసేపు చూశాడో! నేను చేపను చూడలేదు, ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చింతామణిలో పనిచేస్తున్నాను. మొన్న ఒక తల్లి ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, "బిడ్డకేమీ లేదు గదమ్మా?" అని అడిగింది. వెనక బోలెడు జనం. ఏమీ లేదని అనెయ్యడం ఎంత తేలిక! కానీ ఆమె చూడగలిగేది నా కళ్ళతోనే. "ఇంకా తెలీదమ్మా, కూర్చో. ఇంకోసారి చూసి చెప్తాను" అని లోపలికి వెళ్ళి, ఆ బిడ్డ రక్తపు స్లైడును మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను.