మల్లేశ్ కూత ఆగింది, నేను విన్నాను

చాలా ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను, అంత ధైర్యం ఇంకా రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక గొప్ప ఆటగాడి మోకాలు నా వల్ల పోయింది. అది అనుకోకుండా జరిగిందని అందరూ నమ్ముతున్నారు. కాదు.

సౌదీలోని దమ్మామ్‌లో మా లేబర్ క్యాంపు వెనక ఖాళీ జాగా ఉండేది. శుక్రవారం ఎండ తగ్గాక ఇసుక మీద నీళ్లు చల్లి, సైటు నుంచి తెచ్చిన జిప్సం పొడితో గీతలు గీసి కబడ్డీ ఆడేవాళ్లం. అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లమే. పాకిస్తానీలు, బంగ్లా వాళ్లు చుట్టూ నిలబడి చూసేవారు. అక్కడ పెద్ద ఆటగాణ్ని నేను. పట్టానంటే వదలనని పేరు. ఆ పేరు మీద నాకెంత మోజుందో మల్లేశ్ వచ్చేదాకా నాకే తెలియదు.

మల్లేశ్ పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పనికి వచ్చాడు. బడిలో మొదలుపెట్టి జిల్లా జట్టు దాకా ఆడినవాడు. ఆట వల్ల ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి మా అందరిలాగే వీసా పట్టుకున్నాడు. బక్కపలుచని మనిషి. కూతకు వెళ్లేముందు గీతను తాకి కళ్లకు అద్దుకునేవాడు. ఆ తర్వాత కబడ్డీ కబడ్డీ అంటూ మా మధ్యకు వచ్చి, ఫంక్షన్ హాలు బయట చెప్పులు వెతుక్కునేవాడిలా తీరిగ్గా తిరిగేవాడు. ఎప్పుడు తాకాడో తెలిసేది కాదు. నవ్వుకుంటూ గీత దాటేవాడు. బంగ్లా వాళ్లు అతన్ని ఉస్తాద్ అని పిలవడం మొదలుపెట్టారు. నన్నెప్పుడూ అలా పిలవలేదు.

అతను నన్ను అన్నా అనేవాడు. తను తినే ముందు నా ప్లేటులో కూర వేసేవాడు. మరి నాకెందుకు కుళ్లు? రియాద్‌లోని బతా అనే పేటలో మెస్ నడిపే మనవాడొకడు తన జట్టు కోసం ఏటా మా క్యాంపు నుంచి ఒకరిని పిలిపించుకునేవాడు. ఎప్పుడూ నన్నే. ఆ ఏడు నాకే ఫోన్ చేసి, మల్లేశ్‌ను పంపమన్నాడు. సరేనన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ వారమే జరిగింది. ఉత్త ప్రాక్టీసు ఆట. మల్లేశ్ కూతకు వచ్చాడు. నేను వంగి అతని మోకాలిని రెండు చేతులతో కరుచుకున్నాను. ఇంకొకడు నడుము పట్టాడు. మల్లేశ్ నా మీదికి వాలిపోయాడు. పట్టుబడ్డవాడి కూత ఆగిందంటే అతను ఔటైనట్టే, వెంటనే వదిలేయాలి. అతని నోరు నా చెవి పక్కనే ఉంది. కూత సన్నబడింది. ఆగింది. చాలు అన్నట్టు నా వీపు మీద అరచేత్తో తట్టాడు కూడా. జనం అరుపుల్లో ఆ సంగతి ఇంకెవరికీ తెలియలేదు. నేను వదల్లేదు. బలమంతా పెట్టి మెలితిప్పాను. కాలు పోవాలనుకున్నానా? కొన్నాళ్లు మంచాన పడితే చాలని, బతాకు వెళ్లకపోతే చాలని మాత్రమే అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను, కానీ ఇంకొకడి కాలు చేతిలో ఉన్నప్పుడు ఇంతవరకే నొప్పి పెడతానని కొలుచుకునేవాడు ఎవడుంటాడు?

ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక అతని మంచం పక్కన కూర్చున్నాను. నొప్పిలో అతనికి ఆ క్షణం ఏదీ గుర్తు లేదు.

"అన్నా, నిజం చెప్పు. అప్పటికి నా కూత ఆగిందా? నాకేం యాదికొస్తలేదు."

"ఆగలే తమ్మీ. గీత దాటాలెనని నువ్వే గుంజినవ్. నేను ఇడిశేలోపే అయిపోయింది."

"గట్లనా. నా మొండితనమే నన్ను ముంచింది. నువ్వేం రంది పెట్టుకోకు అన్నా."

నన్నే ఓదార్చాడు. మోకాలు విరిచింది కుళ్లుతో, ఒళ్లు తెలియని క్షణంలో. అబద్ధం మాత్రం నింపాదిగా, అతని కళ్లలోకి చూస్తూ చెప్పాను. రెండిట్లో ఏది పెద్ద పాపమని అడిగితే రెండోదే అంటాను.

ఆ కాలుతో పైకి ఎక్కలేడని కంపెనీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపింది. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. క్యాంపులో మాత్రం మొండి మల్లేశ్ అన్న పేరు మిగిలిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు అతని కథ చెప్పి, పట్టుబడితే ఒప్పుకోవాలని బుద్ధులు చెప్పేవారు. నేనూ పక్కనే కూర్చుని తలూపేవాణ్ని.

ఇలాగే గడిచిపోయేదేమో. ఈమధ్య ఫోన్ చేసినప్పుడు కూతురి సంగతి చెప్పాడు. బడిలో కబడ్డీ ఆడుతుందట, అచ్చం తనలాగే. జిల్లా జట్టుకు ఎంపికైందట. తను పంపనన్నాడట. పిల్ల అన్నం మానేసి ఏడుస్తోందట. "నా మొండితనమే దానికీ వచ్చింది అన్నా. అది గూడ ఇడువదు. దాని కాలు గూడ పోతే ఎట్ల?" అన్నాడు.

అతనిలో లేని మొండితనాన్ని నేను అంటగట్టాను. అతను నమ్మాడు. నమ్మి, ఇప్పుడు కన్నబిడ్డలో వెతుక్కుంటున్నాడు. నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల ఆట కూడా నా చేతిలోనే పోతుంది కదా?

తర్వాతి శుక్రవారం ఫోన్ చేసి చెప్పేశాను. కూత ఆగిందని, వీపు తట్టాడని, అన్నీ విని కూడా తిప్పానని, మంచం పక్కన అబద్ధం చెప్పానని. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే క్షమించేస్తాడేమోనని భయమేసింది. అతనలాంటివాడే. అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తడం లేదు. పిల్లను పంపాడో లేదో తెలియదు. ఇంకెవరినైనా అడిగే ముఖం నాకు లేదు. చెప్పిన రోజు మాత్రం, సిగ్గులేకుండా, కడుపునిండా తిని పడుకున్నాను.

మొండివాడు అతను కాదు. ఆ రోజు మల్లేశ్ బుద్ధిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది నేను.