వర్ధనమ్మగారి హాజరు పట్టీ

మా ఎదురింటి వర్ధనమ్మగారు నర్సీపట్నంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. 1984 దసరా సెలవుల్లో హైదరాబాదు నుంచి విశాఖకు ఆమె, నేను, మా ఎనిమిది నెలల పాప ఒకే విమానం ఎక్కాం. తుఫాను మూలంగా దాన్ని గన్నవరంలో దింపేశారు.

మధ్యాహ్నానికి నా దగ్గర కాచిన నీళ్లు అయిపోయాయి. పాలపొడి ఉంది. కుళాయి నీళ్లలో కలపడానికి సూక్ష్మజీవుల గురించి చదువుకున్న నాకు మనసొప్పలేదు. పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది.

"తుఫానుకి మా పూచీ లేదండీ. ఎవరి దారి వాళ్లు చూసుకోండి" అన్నాడు విమానం కంపెనీ కౌంటరులోని ఆఫీసరు. రైళ్లు నడుస్తున్నాయో లేదో తెలియకుండానే కొందరు డబ్బు వాపసు కోసం విమానం టిక్కెట్లు తిరిగి ఇచ్చేయబోయారు.

"అవి ఇచ్చేస్తే మనల్ని పట్టించుకునేవాడుండడు. కూర్చోండి" అన్నారు వర్ధనమ్మగారు. నోటుపుస్తకంలో అందరి పేర్లూ రాసుకుని, క్లాసులోలాగే హాజరు పిలిచారు. సూటు వేసుకున్న పెద్దమనుషులు కూడా చెయ్యెత్తి "ఉన్నానండీ" అన్నారు. ముప్పై ఒక్క మంది తేలారు.

ఆ పుస్తకం ఆఫీసరు ముందు పెట్టారు.

"తుఫాను నువ్వు తేలేదు బాబూ. మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది మీరే. విశాఖ చేర్చేదాకా మా తిండీ నీళ్లూ మీవే. ఇవ్వనంటే ఈ పేర్ల కింద ఆ ముక్క రాసి సంతకం సెయ్యి."

ఆయన పెన్ను తీశాడు గానీ రాయలేదు.

"ఏటి ఆలోసిస్తున్నావు? ముందు ఈ పిల్లకి నీళ్లు కాయించు, బేగి."

ఆయన క్యాంటీనుకు ఫోను చేశాడు. కాసేపటికి మరిగిన నీళ్లు వచ్చాయి. నేను పాలు కలిపి, సీసా చల్లార్చి పాప నోటికి అందించేసరికి, వర్ధనమ్మగారు ఆయనతో మిగతావాళ్ల భోజనాల సంగతి మాట్లాడుతున్నారు.